హోటల్, హాస్పిటల్, హోస్టైల్, గెస్ట్: ఇవన్నీ నిజంగా ఒకే కుటుంబమా?

మీరు అడిగింది ఇదీ: అమీర్‌పేటలో జీఆర్‌ఈ కోచింగ్‌లో ఇచ్చిన రూట్స్ షీట్‌లో హోస్ట్, హోటల్, హాస్టల్, హాస్పిటల్, హాస్పిస్, హోస్టైల్, హోస్టేజ్, గెస్ట్, ఘోస్ట్, హౌస్ అన్నిటినీ ఒకే గడిలో పెట్టి, ‘అతిథి’ అనే అర్థమున్న వేరు నుంచి వచ్చాయని రాశారు. అతిథికీ శత్రువుకీ ఒకే మాట ఎలా పుడుతుంది, షీట్‌ని నమ్మొచ్చా, ఇలా చదివితే పరీక్షలో పనికొస్తుందా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా చెప్తాను. షీట్ చాలావరకు కరెక్టే. హోటల్, హాస్టల్, హాస్పిటల్, హాస్పిస్, హోస్ట్, హోస్టైల్, గెస్ట్ చుట్టాలే. ఘోస్ట్, హౌస్ మాత్రం ఆ ఇంటివి కావు, కొట్టేయండి. హోస్టేజ్ మీద పండితుల్లోనే తగువుంది. ఇక పరీక్ష సంగతి: వేరు తెలిస్తే మాట గుర్తుంటుంది. కానీ వాక్యంలో ఆ మాటకి అర్థమేమిటో వేరు చెప్పదు. మా విద్యార్థులు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ తేడా దగ్గరే. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పాను, ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో వెర్బల్ క్లాసులు తీసుకుంటున్నాను. కింద రాసేదంతా క్లాసులో పిల్లలు అడిగిన ప్రశ్నల్లోంచి వచ్చిందే.

అతిథి, శత్రువు సంగతితో మొదలుపెడదాం, ఎందుకంటే అందులోనే మజా ఉంది.

లాటిన్‌లో రెండు మాటలున్నాయి. హోస్టిస్ అంటే శత్రువు, హోస్పెస్ అంటే అతిథి. హోస్పెస్ అంటే ఆతిథ్యం ఇచ్చేవాడు కూడా. ఒకే మాట ఇద్దరికీ చెల్లేది. ఫ్రెంచ్‌లో దాని వారసురాలు ‘ఓత్’ అనే మాటకి ఇప్పటికీ రెండర్థాలూ ఉన్నాయి, ఇంటాయన, ఇంటికొచ్చినాయన. వాక్యాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. ఈ హోస్టిస్, హోస్పెస్‌ల వెనక భాషాశాస్త్రజ్ఞులు ‘ఘోస్తి’ అనే పాత మాటని ఊహించారు. అది ఎక్కడా శాసనంలో దొరికింది కాదు, చుట్టపు భాషలన్నీ పోల్చి వెనక్కి లెక్కకట్టి రాబట్టింది. దాని అర్థం ‘కొత్తవాడు, పరాయివాడు’, ఇంకొంచెం ఖచ్చితంగా చెప్పాలంటే ఆతిథ్యం ఇచ్చిపుచ్చుకునే బంధం ఉన్న పరాయివాడు.

గుమ్మం ముందు కొత్త మనిషి నిలబడ్డాడు. అన్నం పెట్టి పడుకోమంటే అతిథి. అనుమానించి కర్ర తీస్తే శత్రువు. ‘పరాయివాడు’ అనే ఒక్క అర్థం రెండు దారుల్లో పోయిందంతే. ఇది మనం ఇప్పుడు కూర్చుని అల్లుకున్న కథ కాదు. క్రీస్తుపూర్వం 44లో రోమన్ రచయిత, వక్త సిసిరో కర్తవ్యాల గురించి రాసిన పుస్తకంలో ఈ మాట ప్రస్తావన తెచ్చాడు. ఇప్పుడు మనం విదేశీయుడు అంటున్నవాణ్ని మన పూర్వీకులు హోస్టిస్ అనేవారు అని చెప్పి, అందుకు రోమన్ల పాత చట్టం పన్నెండు ఫలకాల నుంచి సాక్ష్యం చూపించాడు. ఆ ఫలకాలు క్రీస్తుపూర్వం 450 ప్రాంతానివి. పరాయివాడితో కోర్టు వాయిదా ఉంటే ఏం చేయాలి అనే సందర్భంలో అక్కడ హోస్టిస్ వస్తుంది. వాడు శత్రువు కాదు, మామూలు కక్షిదారు. అంటే సుమారు నాలుగొందల ఏళ్లలో ‘బయటివాడు’ కాస్తా ‘శత్రువు’ అయి కూర్చున్నాడు. హోస్టైల్ ఈ రెండో అర్థం నుంచి వచ్చింది.

గ్రీకులోనూ దాదాపు ఇదే పరిస్థితి. జెనోస్ అంటే పరాయివాడు, అతిథి కూడా. జెనోఫోబియా (పరాయివాళ్లంటే భయం, ద్వేషం)లో ఉన్నది అదే. మీ షీట్‌లో అది వేరే గడిలో ఉంటుంది, అక్కడే ఉండనివ్వండి, కానీ అర్థం కోసం దీని పక్కన గుర్తుపెట్టుకోవచ్చు.

ఇక గెస్ట్ ఎలా చుట్టమైంది? ‘గ’తో మొదలయ్యే మాటకీ ‘హ’తో మొదలయ్యే మాటకీ సంబంధమేమిటి అని క్లాసులో తప్పకుండా ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్నే. మూలభాషలో మాట మొదట్లో ఉన్న ‘ఘ’ లాటిన్‌లోకి వచ్చేసరికి ‘హ’ అయింది, ఇంగ్లీష్, జర్మన్‌ల పూర్వభాషలో ‘గ’ అయింది. ఇది ఒక్క మాటకి జరిగిన వింత అయితే నమ్మక్కర్లేదు, కానీ వరసగా జరిగింది. హార్టికల్చర్‌లోని లాటిన్ హోర్టుస్‌కి తోట అని అర్థం. దానికి ఇటువైపు చుట్టాలు గార్డెన్, యార్డ్. లాటిన్ హోమో అంటే మనిషి. దానికి పాత ఇంగ్లీష్‌లో చుట్టం గుమ. ఆ గుమ విడిగా చచ్చిపోయింది గానీ బ్రైడ్‌గ్రూమ్‌లో మారువేషంలో బతికే ఉంది. అసలు మాట బ్రైడ్‌గుమ, అంటే పెళ్లికూతురి మనిషి. గుమ అంటే ఏమిటో జనం మర్చిపోయి గ్రూమ్ చేసేశారు.

గెస్ట్‌లో ఇంకో మెలిక ఉంది. పాత ఇంగ్లీష్‌లో ఆ మాటని ‘య’ ధ్వనితో మొదలుపెట్టి పలికేవాళ్లు. ఇప్పుడు మనం పలికే గట్టి ‘గ’ స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల ‘గెస్ట్ర్’ ప్రభావం. దోచుకోవడానికి వచ్చినవాళ్లు అతిథి అనే మాటకి ఉచ్చారణ ఇచ్చి వెళ్లారు.

ఇప్పుడు తెలుగువాళ్లకి నచ్చే ముక్క. హోస్పెస్‌లో రెండు మాటలు అతుక్కుని ఉన్నాయి. మొదటిది ఘోస్తి, రెండోది ‘పోతి’. ఆ పోతికి సంస్కృతంలో చుట్టం ‘పతి’. గృహపతి, సేనాపతి, భూపతిలో ఉన్న పతే. అంటే హోస్పెస్ అర్థం అతిథుల మీద అధికారం ఉన్నవాడు, అంటే ఆతిథ్యమిచ్చే యజమాని. హాస్పిటల్‌లో ‘పిట్’ అని వినిపించే చోట పతికి అన్నదమ్ముల వరస మాట దాక్కుని ఉంది. పోటెంట్, పాసిబుల్, పవర్ కూడా అటు వైపువే. ఇంకా గమ్మత్తు, గ్రీకు నుంచి వచ్చిన డెస్పాట్‌కి అసలు అర్థం ఇంటి యజమాని. దానికి సంస్కృతంలో సరిజోడు దంపతి. మనం పెళ్లిపత్రికలో వేసుకునే ‘నూతన దంపతులు’, పేపర్లో నియంతని తిట్టడానికి వాడే డెస్పాట్ ఒకే అచ్చులోంచి వచ్చాయి. పెళ్లయినవాళ్లు ఎవరి అనుభవాన్ని బట్టి వాళ్లు అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ముక్క చెప్పగానే వాట్సాప్‌లో ‘హాస్పిటల్ సంస్కృతం నుంచే పుట్టింది’ అని తిరగడం మొదలవుతుంది. కాదు. పతి, పోతి ఒక తాతకి పుట్టిన వేర్వేరు శాఖల మనవలు, ఒకరికొకరు తండ్రీకొడుకులు కారు. కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో చెప్పింది ఇదే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒక ఉమ్మడి మూలం నుంచి వచ్చి ఉండాలి, ఆ మూలం ఇప్పుడు లేకపోయి ఉండొచ్చు అన్నాడు. తెలుగు ఈ కుటుంబంలోది కాదు. 1816లో మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ తెలుగుకి మూలం సంస్కృతం కాదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని చూపించాడు. పతి, అతిథి, దంపతి మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన సొంత మాట కావాలంటే విందు ఉంది. తమిళంలో విరుందు అంటే విందు భోజనం, విందుకొచ్చిన అతిథి కూడా. మన పాత తెలుగులోనూ విందుకి చుట్టం అనే అర్థం ఉండేది.

అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడు అని మనందరికీ చిన్నప్పుడు చెప్పారు కదా. వినడానికి బాగుంటుంది. భాషాశాస్త్రం మాత్రం దాన్ని ‘తిరగడం’ అనే అర్థమున్న ‘అత్’ ధాతువుకి ముడిపెడుతుంది. అతిథి అంటే దారిన పోయేవాడు, బాటసారి. చక్కగా అతికినట్టు కనిపించే వ్యుత్పత్తిని అందుకే రెండోసారి చూడాలి. ఇంగ్లీష్‌లోనూ ఇలాంటివి బోలెడు.

సరే, మళ్లీ మీ షీట్‌కి వద్దాం.

హాస్పిటల్, హాస్టల్, హోటల్ మూడూ ఒకే లాటిన్ మాట, హోస్పిటాలె. అతిథులుండే చోటు అని అర్థం. 1066లో నార్మన్లు ఇంగ్లాండు గెలిచాక ఫ్రెంచ్ అక్కడ దర్బారు భాష అయింది, మాటలు ఆ దారిన వచ్చాయి. హాస్పిటల్, హాస్టల్ 13వ శతాబ్దానికే ఇంగ్లీష్‌లో ఉన్నాయి. హాస్టల్ మధ్యలో మూలనపడితే 19వ శతాబ్దం మొదట్లో స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ తన రచనల్లో మళ్లీ వాడుకలోకి తెచ్చాడు. అమీర్‌పేట గోడల నిండా ‘లేడీస్ హాస్టల్’ పోస్టర్లు ఉన్నాయంటే ఆయనకీ కొంత వాటా ఉన్నట్టే.

హోటల్ ఆలస్యంగా, 17వ శతాబ్దంలో వచ్చింది, అప్పటికే ఫ్రెంచ్‌వాళ్లు అందులో ‘స’ పలకడం మానేశారు. ఆ ‘స’ ఉండేదని గుర్తుగా అక్షరం మీద టోపీ లాంటి గుర్తు పెడతారు. 1740 నాటి ఫ్రెంచ్ అకాడమీ నిఘంటువు దాన్ని స్థిరపరిచింది. ఫ్రెంచ్ మాట మీద ఆ టోపీ కనిపిస్తే అక్కడ ఒక ‘స’ పెట్టి చూడండి, చాలాసార్లు తెలిసిన ఇంగ్లీష్ మాట బయటపడుతుంది. ఫోరే ఫారెస్ట్ అవుతుంది, ఓపితాల్ హాస్పిటల్ అవుతుంది, కోత్ కోస్ట్ అవుతుంది. జీఆర్‌ఈకి ఫ్రెంచ్ అక్కర్లేదు గానీ, ఇది తెలిస్తే హోటల్‌కీ హాస్టల్‌కీ మధ్య ‘స’ ఎక్కడ పోయిందో అర్థమవుతుంది.

ఇక్కడి నుంచి అర్థాలు విడిపోయాయి, జాగ్రత్త. హాస్పిటల్ అంటే మొదట వైద్యం కాదు. యాత్రికులకీ, పేదలకీ, ముసలివాళ్లకీ తిండి, పడక దొరికే చోటు. జెరూసలేంలో యాత్రికుల కోసం అలాంటి చోటు నడిపిన సంఘాన్ని 1113లో పోప్ గుర్తించాడు, వాళ్లే హాస్పిటలర్లు. తర్వాత కత్తులు పట్టి యుద్ధాలు కూడా చేశారు. లండన్‌లో చెల్సీలోని రాయల్ హాస్పిటల్ 1682లో రెండో చార్లెస్ పెట్టింది, పదవీ విరమణ చేసిన సైనికులు ఉండటానికి. ఇప్పటికీ వాళ్లే ఉంటున్నారు. 1552లో మొదలైన క్రైస్ట్స్ హాస్పిటల్ అయితే ఏకంగా స్కూలు, పేరులో హాస్పిటల్ అలాగే ఉంది. వైద్యం అనే అర్థం 16వ శతాబ్దం నుంచి గట్టిపడింది. పాత కాలపు ప్యాసేజ్‌లో హాస్పిటల్ కనిపిస్తే వెంటనే డాక్టర్లనీ ఇంజెక్షన్లనీ ఊహించుకోకండి. పారిస్‌లో దీనికి తలకిందులు: ఓతెల్ ద్యూ అంటే పెద్దాసుపత్రి, ఓతెల్ ద విల్ అంటే మున్సిపల్ ఆఫీసు. అక్కడ రూమ్ అడిగితే నవ్వుతారు.

మన ఉస్మానియా హాస్పిటల్‌ని పాతబస్తీ వాళ్లు ఇప్పటికీ ఉస్మానియా దవాఖానా అంటారు. మందుల ఇల్లు అని అర్థం, మొదటి నుంచీ వైద్యమే. ఆసుపత్రి మాత్రం హాస్పిటలే, మన నోట్లో ‘హ’ రాలిపోయింది. ఫ్రెంచ్‌వాళ్లు కూడా ఆ ‘హ’ పలకరు కాబట్టి మనం సిగ్గుపడాల్సిందేమీ లేదు.

హాస్పిస్ కూడా మొదట బాటసారుల సత్రమే. ప్రాణం పోయేదాకా నొప్పి లేకుండా చూసుకునే చోటు అనే ఇప్పటి అర్థాన్ని లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ బాగా వ్యాప్తిలోకి తెచ్చింది.

హోటల్ విషయంలో మన హైదరాబాదీలకి ఒక చిక్కుంది. మనకి హోటల్ అంటే తినే చోటు. ఇరానీ హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ దొరుకుతాయి గానీ మంచం దొరకదు. వీసా ఇంటర్వ్యూ ప్రాక్టీసులో ఒకబ్బాయిని మీ నాన్నగారేం చేస్తారు అని అడిగితే, హోటల్ ఉందండీ అన్నాడు. ఎన్ని రూములు అని అడిగాను. తెల్లబోయి, నాలుగు టేబుళ్లు మేడమ్, ఇడ్లీ దోసె అన్నాడు. అసలు ఇంటర్వ్యూలో ఇలా జరిగితే మాటకీ బ్యాంకు కాగితాలకీ పొంతన కుదరక టెన్షన్ మొదలవుతుంది. తెలుగులో మన వాడుక తప్పు కాదు, అలాగే మాట్లాడండి. ఇంగ్లీష్‌లో చెప్పేటప్పుడు మాత్రం రెస్టారెంట్ అనండి.

హోస్ట్ ఒక మాట కాదు, మూడు. మీ షీట్‌లో ఇది లేకపోవడం అన్నిటికన్నా పెద్ద లోపం.

మొదటిది అతిథిని ఆహ్వానించేవాడు. హోస్పెస్ నుంచి వచ్చింది. టీవీ షో హోస్ట్, వెబ్ హోస్టింగ్, జీవశాస్త్రంలో పారసైట్ ఉండే హోస్ట్ అన్నీ ఇదే. పారసైట్ కూడా గ్రీకులో భోజనాల బల్ల దగ్గర పుట్టిన మాటే, ఇంకొకరి పంక్తిలో కూర్చుని తినేవాడు అని. అంటే పరాన్నభుక్కు. తెలుగు మాట పెట్టినవాళ్లు సరిగ్గా పట్టుకున్నారు.

రెండోది సైన్యం, గుంపు. ఇది హోస్టిస్ నుంచి. శత్రువు నుంచి శత్రుసేన, దాన్నుంచి సేన, దాన్నుంచి పెద్ద గుంపు. ఎ హోస్ట్ ఆఫ్ ప్రాబ్లమ్స్ అంటే సమస్యలు ఆతిథ్యమివ్వడం లేదు, దండుగా వచ్చి పడ్డాయి. చర్చికి వెళ్లే పిల్లలకి ఇది చెప్పడం తేలిక. ఇంగ్లీష్ బైబిల్లో లార్డ్ ఆఫ్ హోస్ట్స్ అన్నదాన్ని తెలుగు బైబిల్లో ‘సైన్యములకధిపతియగు యెహోవా’ అన్నారు కదా అంటే వెంటనే పట్టేస్తారు.

మూడోది క్యాథలిక్ పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదపు అప్పం. లాటిన్ హోస్టియా, అంటే బలి ఇచ్చేది. పరీక్షలో దాదాపు రాదు, చదువుతుంటే ఎదురైతే తికమకపడకండి, చాలు.

హోస్టేజ్ గురించి చెప్తానన్నాను. పాత ఫ్రెంచ్‌లో ఒస్తాజ్. కొందరు దీన్ని హోస్పెస్ వైపు లాగుతారు. ఒప్పందం మీరకుండా ఒక రాజు తన మనిషిని ఇంకో రాజు ఇంట్లో ఉంచేవాడు, వాడు బందీ అయినా అతిథిలాగే బతికేవాడు అని. ఇంకొందరు తాకట్టు మనిషి అనే అర్థమున్న లాటిన్ ‘ఒబ్సెస్’ నుంచి వచ్చి, తర్వాత హోస్ట్ ప్రభావంతో ‘హ’ తగిలించుకుందంటారు. నాకు రెండో వాదన కొంచెం బలంగా అనిపిస్తుంది, అర్థం అచ్చంగా సరిపోతుంది కాబట్టి. మీరు మాత్రం పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టుకుని ముందుకెళ్లండి.

ఘోస్ట్ అయితే అసలు సంబంధమే లేదు. పాత ఇంగ్లీష్‌లో గాస్ట్ అంటే ఆత్మ. అందులో ‘హెచ్’ ఉండేదే కాదు. ఇంగ్లాండులో మొదటి అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ అంతకుముందు ఫ్లాండర్స్ ప్రాంతంలో పనిచేశాడు, అక్కడి స్పెల్లింగ్ అలవాటు చొప్పున ఆ ‘హెచ్’ వచ్చి చేరింది. హౌస్ అచ్చ జర్మనిక్ మాట, హస్బెండ్‌లో ఉన్న ‘హస్’ కూడా అదే. లాటిన్‌తో చుట్టరికం లేదు.

ఇక పరీక్ష. 2011కి ముందు జీఆర్‌ఈలో యాంటొనిమ్స్ (వ్యతిరేకార్థాలు), అనాలజీలు (మాటల జతల పోలికలు) ఉండేవి. వాక్యం లేకుండా ఒట్టి మాటలే ఇచ్చి అడిగేవారు, వేళ్ల జాబితాలు అప్పుడు బాగా పనికొచ్చేవి. ఆ ఏడాది ఆగస్టులో అవి తీసేశారు. ఇప్పుడంతా వాక్యంలో మాట, ప్యాసేజ్‌లో మాట. కోచింగ్ షీట్లు చాలావరకు ఆ పాత రోజులవే, జిరాక్స్ మీద జిరాక్స్.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. ఇన్‌హాస్పిటబుల్ టెర్రైన్ అన్న మాట ఇస్తే, ఒకమ్మాయి ఆసుపత్రులు లేని ప్రాంతం అని రాసింది. రూట్ పక్కాగా గుర్తుంది, మాట మధ్యలో నడిచిన దారి తెలియదు. అది మనుషులు ఉండటానికి వీల్లేని నేల, ఎడారిలాగా, మంచుకొండలాగా. అలాగే హోస్టైల్ టు ద ఐడియా అంటే యుద్ధానికి దిగడం కాదు, ఆ ఆలోచనంటే గిట్టకపోవడం.

అందుకని షీట్ పారేయకండి, కానీ ప్రతి మాట పక్కన ఖాళీ జాగా ఉంచి రెండు రాసుకోండి: మధ్యలో ఏ అర్థం మీదుగా వచ్చింది, ఇప్పుడు వాక్యంలో దేనితో జతగా వస్తుంది. హోస్ట్ పక్కన ‘సేన, గుంపు, ఎ హోస్ట్ ఆఫ్’ అని, హాస్పిటబుల్ పక్కన ‘అతిథి మర్యాద, క్లైమేట్, టెర్రైన్’ అని. వ్యుత్పత్తి చూడటానికి ఎటిమ్‌ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్ ఫ్రీగా దొరుకుతుంది, ఏ శతాబ్దంలో ఏ అర్థం వచ్చిందో వరసగా ఇస్తుంది. అందులో ‘పర్‌హాప్స్’, ‘అన్‌సర్టెన్’ అని ఉన్నచోట మీ షీట్‌లో పూర్ణవిరామం ఉంటే, ఎటిమ్‌ఆన్‌లైన్‌నే నమ్మండి. రోజుకి ఒక కుటుంబం చాలు. ఒకేసారి ముప్పై వేళ్లు మింగిన పిల్లలు వారం తిరక్కుండానే హోస్ట్‌నీ హోర్డ్‌నీ కలిపేస్తారు.

దీని తర్వాత పోతి వైపు కుటుంబం పట్టుకోండి: పోటెంట్, పోటెంటేట్, ఇంపోటెంట్, ఆమ్నిపోటెంట్, పొజెస్. అందులో జీఆర్‌ఈకి పనికొచ్చే మాటలు ఈ కుటుంబంలో కన్నా ఎక్కువున్నాయి, అర్థాలు కూడా ఇంత దూరం తిరగలేదు. మీ షీట్‌లో ఆ గడి ఉంటే ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.